‘జు దౌ’ సినిమాలో వాళ్ళిద్దరూ ఎందుకు పారిపోలేదు?

మీరు అడిగినవి మూడు. ముసలాయనకు పక్షవాతం వచ్చి కాళ్ళు పడిపోయాక కూడా జు దౌ, తియెన్‌చింగ్ పిల్లాణ్ణి చంకనేసుకుని ఎటైనా ఎందుకు వెళ్ళిపోలేదు? కన్నతండ్రి అని తల్లి నోటితోనే విన్నాక కూడా ఆ కుర్రాడు ఎందుకు చంపాడు? చివర్లో ఆమె కార్ఖానాకు నిప్పు ఎందుకు పెట్టింది? వీటితోపాటు మీ ఫ్రెండ్ ఒకరు “అదంతా చైనా ప్రభుత్వం మీద విమర్శ, ప్రేమకథ పైకి ముసుగు మాత్రమే” అని తేల్చేశారని కూడా రాశారు. ఆ నాలుగో సంగతి చివర్లో చూద్దాం.

ఫిల్మ్ సొసైటీలో ఈ సినిమా వేసినప్పుడల్లా లైట్లు వెలగ్గానే వచ్చే మొదటి ప్రశ్న మీదే. ఎవరో ఒకరు “లేచిపోతే సరిపోయేది కదండీ” అంటారు. వెంటనే ఇంకో వరసలోంచి “లేచిపోయి ఎక్కడికి?” అని ఎదురు ప్రశ్న వస్తుంది. అక్కడి నుంచి గంటసేపు చర్చ. ఈ ఎదురు ప్రశ్న వేసేది ఎక్కువగా ఆడవాళ్ళే.

సినిమా చూడనివాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి కథ క్లుప్తంగా చెబుతాను. ముగింపుతో సహా చెప్పక తప్పదు, ముందే తెలిస్తే ఇష్టంలేనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి. జాంగ్ యిమౌ తీసిన చైనా సినిమా ఇది, కథాకాలం 1920లు. యాంగ్ జిన్‌షాన్ అనే పిసినారి ముసలాయనకు బట్టలకు రంగులు అద్దే కార్ఖానా ఉంది. కొడుకు పుట్టలేదని ఇద్దరు పెళ్ళాలను హింసించి చంపాడు. ఇప్పుడు డబ్బిచ్చి మూడో అమ్మాయిని కొనుక్కొచ్చాడు, ఆమే జు దౌ. లోపం తనలో ఉందని ఒప్పుకోడు, రాత్రిళ్ళు ఆమెను కట్టేసి కొడతాడు. ఆ అరుపులు కింద పడుకున్న తియెన్‌చింగ్‌కు వినిపిస్తుంటాయి. ఇతను జిన్‌షాన్ పెంచుకున్న మనిషి, వరసకు అన్న కొడుకు లాంటివాడు, నలభైకి దగ్గరపడినా పెళ్ళి లేదు, జీతం లేదు, గాడిద చాకిరీ. ఇతనికీ జు దౌకీ సంబంధం ఏర్పడుతుంది, కొడుకు పుడతాడు. ముసలాయన తన కొడుకే అనుకుంటాడు, ఊరూ అలాగే అనుకుంటుంది.

ఇక్కడ మన తెలుగువాళ్ళకు ఒక సౌలభ్యం ఉంది. తియెన్‌చింగ్ ముసలాయన్ను పిలిచే పిలుపు మన లెక్కలో “బాబాయి”. జు దౌను పిలిచేది “పిన్ని”. పాశ్చాత్య సమీక్షలు చదివితే ఇదొక “పెళ్ళైన స్త్రీ, ఇంట్లో పనివాడు” కథలా కనిపిస్తుంది. కానీ మనం వరసలు తెలిసినవాళ్ళం. పిన్ని అని నోరారా పిలిచే మనిషితో సంబంధం అంటే ఎంత దారుణంగా వినిపిస్తుందో మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. చైనాలోనూ అంతే. 1912లో కూలిపోయిన చింగ్ రాజ్యపు శిక్షాస్మృతిలో క్షమించరాని పది మహాపాతకాల జాబితా ఉండేది. దగ్గరి బంధువుతో అక్రమ సంబంధం అందులో ఒకటి, రాజద్రోహం ఉన్న జాబితాలోనే. రాజ్యం పోయి పదేళ్ళు దాటినా పల్లెల్లో తీర్పు చెప్పేది వంశ పెద్దలే. రక్తసంబంధం లేదు, పెంచుకున్నవాడే కదా అని మీకు అనిపించవచ్చు. వరస కలిశాక రక్తం ఉందా లేదా అని ఎవరు చూస్తారు?

జు దౌ మాత్రం ఆ వరసను పట్టించుకోదు. సినిమాలో తెగువంతా ఆమెదే. ఆమె స్నానం చేసేచోట గోడకు ఉన్న కన్నంలోంచి తియెన్‌చింగ్ తొంగిచూస్తుంటాడు. అది ఆమెకు తెలిసిపోతుంది. మొదట గడ్డి కుక్కి మూసేస్తుంది. ఆ తర్వాత ఒకరోజు, అతను చూస్తున్నాడని తెలిసే, ఒళ్ళంతా కమిలిన దెబ్బలతో మెల్లగా అతని వైపు తిరిగి నిలబడుతుంది. కళ్ళల్లో నీళ్ళు. శృంగార దృశ్యం అనుకుని చూసేవాడి ముఖం మీద కొట్టినట్టు ఉంటుంది. “ఇన్నాళ్ళూ చూశావు కదా, ఇప్పుడు ఇది కూడా చూడు” అన్నట్టు. ఆ క్షణం నుంచి తియెన్‌చింగ్ దొంగచూపులవాడు కాదు, సాక్షి. జు దౌగా వేసిన గాంగ్ లీకి అప్పుడు పాతికేళ్ళు కూడా నిండలేదు. ఒక్క డైలాగ్ లేకుండా ఆ సీన్‌ను ఎలా మోసిందో మళ్ళీ చూడండి.

అతను మాత్రం చివరిదాకా పిరికివాడే. లీ బావోతియెన్ ఆ పాత్రను వంగిన భుజాలతో, పక్కచూపులతో చేశాడు. ప్రేమిస్తాడు, ఆమెకోసం పడిచస్తాడు, కానీ బాబాయికి ఎదురు తిరిగే మాట నోట రాదు. ముసలాయన నిస్సహాయంగా వాళ్ళ చేతిలో పడ్డాక కూడా అంతం చేసే సాహసం చేయడు. మంచితనమా పిరికితనమా అంటే రెండూ ఒకే ఒంట్లో ఉన్నాయి, విడదీయలేం.

సరే, పారిపోవడం సంగతి. ముసలాయన ఆరోగ్యంగా ఉన్నంతకాలం భయం అడ్డం అనుకుందాం. కాళ్ళు పడిపోయాక ఆ భయం లేదు. చక్రాలు బిగించిన ఒక చెక్క తొట్టిలో కూర్చుని చేతులతో తోసుకుంటూ తిరుగుతుంటాడు. పగలు కూడా ఈ ఇద్దరూ అతని కళ్ళముందే మొగుడూపెళ్ళాల్లా ఉంటారు. పిల్లాడు నీకు పుట్టలేదని జు దౌ ముఖానే చెప్పేస్తుంది. అంటే లోపల పూర్తి స్వాతంత్ర్యం. అయినా తలుపు దాటి వెళ్ళరు. మీకు ఇదే అర్థం కాలేదన్నారు.

దీనికి జవాబు పిల్లాడికి పేరు పెట్టిన సీన్‌లో ఉంది. హడావుడి లేకుండా వెళ్ళిపోతుంది కాబట్టి చాలామంది పట్టించుకోరు. వంశ పెద్దలు కూర్చుని వంశవృక్షం చూసి తియెన్‌బాయ్ అని పేరు ఖాయం చేస్తారు. చైనా వంశాల్లో ఒక తరం మగపిల్లలందరి పేర్లలో ఒక అక్షరం ఉమ్మడిగా ఉంటుంది. పేరు వినగానే ఎవరు ఏ తరమో, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసిపోతుంది. తియెన్‌చింగ్, తియెన్‌బాయ్. చూశారా? ఒకే తరం. తండ్రీ కొడుకులు ఆ పుస్తకంలో అన్నదమ్ములైపోయారు. ఇక జీవితాంతం కన్నకొడుకు తండ్రిని “అన్నా” అనే పిలవాలి. తండ్రి ఆ పేరుకు నవ్వుముఖం పెట్టి తల ఊపాలి.

ఇప్పుడు ఆలోచించండి. వాళ్ళు పారిపోతే పిల్లాడు ఏమవుతాడు? యాంగ్ వంశపు వారసుడు, కార్ఖానాకు కాబోయే యజమాని అయినవాడు ఒక్క రాత్రిలో పేరులేనివాడవుతాడు. తల్లిదండ్రుల పాపానికి పుట్టినవాడు అంటారు. తల్లిగా జు దౌ ఆ రిస్క్ తీసుకోలేదు. పైగా ఎక్కడికెళ్ళినా వాళ్ళకు తెలిసిన పని రంగులద్దకం ఒక్కటే. తొట్లు, గిరకలు, చక్రాలు, ఎత్తైన దండేలు లేకుండా ఆ పని జరగదు. 1920లంటే సేనానాయకులు జిల్లాల కోసం కొట్టుకుంటున్న కాలం, ఊరు పేరు చెప్పలేని జంటకు ఇంకో ఊళ్ళో ఎవరు ఆశ్రయమిస్తారు? డబ్బిచ్చి కొన్న ఆడదానికి విడాకుల హక్కు అనే ఊహే ఊళ్ళోకి రాలేదు. బలవంతపు పెళ్ళిళ్ళను, పెళ్ళి పేరుతో అమ్మకాలను నిషేధిస్తూ కొత్త చైనా వివాహ చట్టం తెచ్చింది 1950లో.

ఇవన్నీ పైకి కనిపించే కారణాలు. నా దృష్టిలో అసలు దెబ్బ ఇంకోటి. ఆ అబద్ధం మొదట వాళ్ళకు అక్కరకొచ్చింది. గర్భం వచ్చినప్పుడు “ముసలాయన బిడ్డే” అనిపించుకోవడం వల్లే ప్రాణాలు దక్కాయి. అప్పటి నుంచి రోజూ ఆ అబద్ధాన్ని పోషించింది ఈ ఇద్దరే. గడప లోపల మొగుడూపెళ్ళాలు, గడప దాటితే పిన్నీ కొడుకూ. ముసలాయన కట్టిన జైలు అతను కుప్పకూలగానే కూలిపోయింది, తర్వాతది వీళ్ళు తమ రక్షణ కోసం కట్టుకున్నది.

ఆ జైలుకు కాపలావాడు తొట్టి అంచున తయారవుతాడు. నాకు సినిమా మొత్తంలో అన్నిటికన్నా భయం వేసే సీన్ అది. రెండుమూడేళ్ళ పిల్లాడు రంగు తొట్టి అంచున నిలబడి ఉంటాడు. వెనకనుంచి ముసలాయన తన చెక్క తొట్టిని చప్పుడు కాకుండా తోసుకుంటూ వస్తాడు, నీళ్ళలోకి నెట్టేయడానికి. అంతకు ముందే ఒకసారి చంపబోయాడు, ఇంటికి నిప్పు కూడా పెట్టబోయాడు. ఇక ఒక్క తోపు చాలు. అప్పుడు పిల్లాడు వెనక్కి తిరిగి అతన్ని చూసి “నాన్నా” అంటాడు. అప్పటిదాకా సరిగ్గా నోరు విప్పని పిల్లాడు. ముసలాయన చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది. ముసలాయనగా వేసిన లీ వెయ్ ముఖం చూడండి అక్కడ: మొదట అయోమయం, తర్వాత నమ్మలేకపోవడం, ఆ తర్వాత ఎక్కడినుంచో పొంగుకొచ్చే ఆనందం. ఆ ఆనందం నిజమైనదే. అందులోనే ప్రతీకారం కూడా దొరికిందని అతనికి వెంటనే అర్థమవుతుంది. చంపాల్సిన పనేముంది, కొడుకును అలాగే ఉంచుకుంటే చాలు. పక్కన నిలబడ్డ తియెన్‌చింగ్ “వాడు నా కొడుకు” అనలేడు. అంటే తల తెగుతుంది.

ముసలాయన కొన్నాళ్ళకు అదే రంగునీళ్ళలో ప్రమాదవశాత్తూ పడి చనిపోతాడు. పిల్లాడు అక్కడే ఉంటాడు. మునిగిపోతున్న మనిషిని చూసి నవ్వుతాడు. ఎప్పుడూ నవ్వని పిల్లాడు నవ్వడం చూసి థియేటర్లో ఎవరూ కదలరు. వాడికి అది ఆటలా కనిపించిందో ఇంకేమైనానో దర్శకుడు చెప్పడు. చెప్పకపోవడమే మంచిదైంది.

ఇప్పుడైనా దారి తెరుచుకుందా? లేదు, ఇంకా బిగుసుకుంది. వంశ పెద్దలు తీర్పు చెబుతారు: జు దౌ మళ్ళీ పెళ్ళి చేసుకోకూడదు, తియెన్‌చింగ్ కార్ఖానాలో పడుకోకూడదు, బయట ఎక్కడైనా ఉండాలి, పగలు వచ్చి పనిచేసి పోవాలి. ఆస్తి పిల్లాడిది. వితంతువుకు పునర్వివాహం లేదన్న ఈ పట్టుదల ఆ ప్రాంతంలో రాతిలో చెక్కి ఉంది. సినిమా తీసింది అన్‌హుయ్ రాష్ట్రంలో యీ జిల్లాలోని నాన్‌పింగ్ అనే పాత గ్రామంలో. పాత హుయ్‌జౌ ప్రాంతం అది, వర్తకులకు పేరు. మగవాళ్ళు వ్యాపారానికి దూరదేశాలు పోయి ఏళ్ళతరబడి తిరిగొచ్చేవాళ్ళు కాదు, ఆడవాళ్ళు ఎత్తు గోడల మధ్య ఉండేవాళ్ళు. ఆ పక్కనే షె జిల్లాలో టాంగ్‌యుయె అనే ఊరి బయట వరసగా ఏడు రాతి తోరణాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. వాటిలో మళ్ళీ పెళ్ళి చేసుకోని విధవల గౌరవార్థం కట్టినవీ ఉన్నాయి. ఒక ఆడది పాతికేళ్ళకే జీవితం ఆపేసుకుంటే ఊరికి ఒక తోరణం వచ్చేది.

ఇళ్ళ కట్టడం కూడా చూడండి. మన కోనసీమ మండువా లోగిలి లాంటిదే, నాలుగువైపులా చూరు, మధ్యలో ఆకాశం. కానీ గోడలు చాలా ఎత్తు, బయటికి కిటికీలు దాదాపు ఉండవు. అందుకే కెమెరా పైనుంచి చూసినప్పుడల్లా మనుషులు బావి అడుగున ఉన్నట్టు కనిపిస్తారు. ఇంకో సంగతి తెలిస్తే మీకు ఒళ్ళు జలదరిస్తుంది: కార్ఖానా సెట్ వేసింది నాన్‌పింగ్‌లోని ఒక వంశ మందిరంలో. పూర్వీకుల పేరుపలకలు పెట్టి పూజించే హాల్ అది. ఈ ఇద్దరూ ప్రేమించుకున్నదీ దాక్కున్నదీ అక్కడే.

అంత్యక్రియల సీన్ గురించి ఒక మాట. శవపేటిక ముందుకు కదులుతుంటే జు దౌ, తియెన్‌చింగ్ “వెళ్ళొద్దు, వెళ్ళొద్దు” అని గుండెలు బాదుకుంటూ దానికి అడ్డం పడాలి. జనం వాళ్ళను లాగేస్తారు, పేటిక వాళ్ళ మీదుగా సాగిపోతుంది, మళ్ళీ లేచి పరుగెత్తి అడ్డం పడాలి. ఇలా 49 సార్లు. చైనా సంప్రదాయంలో చావు మైల ఏడేసి రోజుల లెక్కన ఏడు వారాలు నడుస్తుంది, ఆ 49 అక్కడిదే. జాంగ్ యిమౌ తంతుల్ని విదేశీయుల కళ్ళకోసం ముస్తాబు చేసి చూపిస్తాడని చైనాలోనే ఆరోపణ ఉంది. ఆయన ఆ రోజుల్లో తీసిన మిగతా సినిమాల మీద కూడా అదే గొడవ. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఈ సీన్ వరకు నాకు అభ్యంతరం లేదు. ఎందుకంటే సినిమా మొత్తం చెప్పేది అందులో ఒళ్ళు హూనమయ్యేలా కనిపిస్తుంది: తమను నాశనం చేసినవాడి కోసం అందరిముందూ ఏడవాలి, ఏడ్చినట్టు కాదు, నిజంగా దుమ్ములో పడి దొర్లాలి. పైన పేటిక మీద ఎవరు కూర్చుని ఉన్నారో గుర్తుందా? పిల్లాడు. తల్లీ తండ్రీ వాడి కాళ్ళ కిందినుంచి పోతుంటారు.

ఇక కొడుకు విషయం. “వాడొక రాక్షసుడు, పుట్టుకతోనే అంత” అని కొందరంటారు. దర్శకుడు కూడా ఆ అనుమానానికి చోటిచ్చాడు, వాడి మౌనాన్ని, చూపును అలాగే తీశాడు. నేను ఒప్పుకోను. ఆ ఇంట్లో అబద్ధాన్ని నిజమని నమ్మినవాడు వాడొక్కడే. ముసలాయనకు నిజం తెలుసు, ప్రేమికులకు తెలుసు, ఊరికి అనుమానం ఉంది. పుట్టిన దగ్గర్నుంచి “ఈయన నీ నాన్న, ఈయన నీ అన్న” అని చెప్పి పెంచారు, వాడు ఒక మంచి కొడుకు నమ్మినట్టే నమ్మాడు. తండ్రి చనిపోయాడు. ఆ తండ్రి స్థానంలోకి అన్న దొంగచాటుగా వస్తున్నాడు. ఊళ్ళో గుసగుసలు. ఏడేళ్ళ తర్వాతి భాగంలో, తల్లి గురించి వాగినవాణ్ణి ఆ కుర్రాడు కత్తి పట్టుకుని తరుముతాడు. అంటే వాడి కోపం కుటుంబ పరువు కోసం. కన్‌ఫ్యూషియస్ పేరు చెప్పి సమాజం ఏ పుత్రధర్మాన్ని నేర్పిందో దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు.

అలాంటివాడు ఎదిగొచ్చి, తియెన్‌చింగ్ మీద చెయ్యి చేసుకున్నాక, జు దౌ అసలు విషయం చెబుతుంది. నిజం చెబితే వాడి మనసు మారుతుందని ఆమె ఆశ. మారదు. ఎందుకు మారాలి? వాడు విన్నది “నువ్వు వారసుడివి కావు, మీ అమ్మ చేసిన తప్పువి” అని. తండ్రి దొరికాడన్న సంతోషం ఎక్కడినుంచి వస్తుంది? నిజానికి ఆలస్యం అయితే అది కూడా దెబ్బే అవుతుంది, కనీసం ఈ కథలో.

తర్వాత ఇద్దరూ ఇక ఓపిక లేక నేలమాళిగలో చివరిసారి కలుసుకుంటారు. గాలి ఆడని చోటు. ఊపిరి అందక స్పృహ తప్పుతారు. కొడుకు వచ్చి చూస్తాడు. ముందు తల్లిని మోసుకెళ్ళి పడుకోబెడతాడు. జాగ్రత్తగానే. తర్వాత తియెన్‌చింగ్‌ను ఈడ్చుకెళ్ళి రంగు తొట్టిలో వేస్తాడు. ఒకే మనిషి అరగంట తేడాలో చేసిన రెండు పనులు అవి. మీ రెండో ప్రశ్నకు నేను మాటల్లో చెప్పేదానికన్నా ఆ రెండు షాట్లు ఎక్కువ చెబుతాయి. అమ్మను ఇంట్లోకి, అన్నను నీళ్ళలోకి. వాడి లెక్కలో వంశం సర్దుకుంది.

లియు హెంగ్ రాసిన మూలకథలో ఇది వేరుగా ఉంటుంది. అక్కడ వాళ్ళు పొలం పనులు చేసుకునే రైతులు, అద్దకపు కార్ఖానా లేదు, తియెన్‌చింగ్ తనంతట తానే ప్రాణం తీసుకుంటాడు. సినిమాకు స్క్రీన్‌ప్లే రాసింది కూడా లియు హెంగే. చావును తండ్రి చేతిలోంచి తీసి కొడుకు చేతికి ఇచ్చారు. ఆత్మహత్య అయితే ఒక బలహీనుడి కథగా ముగిసేది. ఈ మార్పుతో బాధ్యత పెంచిన పద్ధతి మీదికి మళ్ళింది. మూలకథ పేరు ‘ఫుషీ ఫుషీ’. ఫుషీ చైనా పురాణాల్లో మూలపురుషుడు, చెల్లెలు న్యువాతో కలిసి మానవజాతిని మొదలుపెట్టాడని కథ. వరసలకోసం ప్రాణాలు తీసే వంశాలన్నిటికీ తొలి జంట వాళ్ళే. రచయిత ఎగతాళి చేయడానికి పెద్ద కష్టపడలేదు.

చివరి మంట గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. జు దౌకు కాల్చడానికి ఇంకేం మిగిలిందని? కొడుకును శిక్షించడం ఆమెవల్ల కాదు, పెద్దల దగ్గర న్యాయం దొరకదు, శవాన్ని పట్టుకుని “నా మొగుడు” అని ఏడ్చే హక్కు కూడా లేదు. ఎవరికోసం ఈ ఆస్తి, ఈ పేరు కాపాడుతూ వచ్చారో ఆ కార్ఖానానే తగలబెట్టింది. పారిపోలేదు అన్నారు కదా, ఆమె వరకు అదే ఆ ఇంట్లోంచి బయటపడడం. ఆమె బతికిందా లేదా అని చాలామంది వాదించుకుంటారు. సినిమా చెప్పలేదు, నేనూ చెప్పను.

రంగుల సంగతి రాయకపోతే ఈ సినిమా గురించి సగమే రాసినట్టు. మొదటిసారి వాళ్ళిద్దరూ కలిసినప్పుడు ఆమె కాలు తగిలి గిరక వదులవుతుంది, పైన చుట్టిన ఎర్రటి బట్ట గజాలకు గజాలు జారుతూ వచ్చి తొట్టిలో పడుతుంది. ఆగదు. మామూలుగా మన సినిమాల్లో రెండు పువ్వులు దగ్గరికి తెచ్చే చోట ఇది. కానీ పువ్వుల్లా అలంకారానికి పెట్టిన వస్తువు కాదు ఆ బట్ట, వాళ్ళు రోజూ చేసే పని. ఆ ఎరుపు తొట్టే తర్వాత ఏమవుతుందో తెలిసి రెండోసారి చూస్తే ఆ సీన్ అందంగా కనిపించదు. దర్శకుడికి ఈ బట్టల లోకం కొత్తది కాదు. సాంస్కృతిక విప్లవం కాలంలో జాంగ్ యిమౌ షియాన్‌యాంగ్‌లో ఒక నూలు మిల్లులో ఏడేళ్ళు కూలీగా పనిచేశాడు. 1978లో వయసు మించిపోయాక బీజింగ్ ఫిల్మ్ అకాడమీలో సీటు సంపాదించాడు, మొదట కెమెరామన్‌గా పేరు తెచ్చుకున్నాడు. ‘జు దౌ’కు కెమెరా గూ చాంగ్‌వెయ్, యాంగ్ లున్. ప్రింట్లు తీసిన పద్ధతి పాత టెక్నికలర్, అంటే ఫిల్ము మీదికి రంగుల్ని ఒక్కొక్కటిగా అద్దే ప్రక్రియ. హాలీవుడ్ ఖర్చెక్కువని 1970ల్లో దాన్ని వదిలేసింది, ఆ యంత్రాలు బీజింగ్ ల్యాబ్‌కు చేరాయి. కాబట్టి అద్దకం మీద తీసిన సినిమాను అద్దకంతోనే తయారుచేశారు. యూట్యూబ్‌లో దొరికే వెలిసిపోయిన కాపీ చూసి ఉంటే మాత్రం మీరు ఈ సినిమా ఇంకా చూడనట్టే లెక్క. బాగుచేసిన ప్రింట్ కోసం వెతకండి.

మీ ఫ్రెండ్ మాటకు వద్దాం. ఆయన పూర్తిగా తప్పు కాదు. సినిమా బయటికి వచ్చింది 1990లో, బీజింగ్‌లోని తియానన్మెన్ చౌక్‌లో ఉద్యమాన్ని అణచడానికి కాల్పులు జరిగిన మరుసటి ఏడాది. చావుకు సిద్ధంగా ఉన్నా పట్టు వదలని ముసలి యజమాని, అతని పేరుమీద పిల్లలే తండ్రులను చంపడం... అప్పటి చైనాను తెలిసినవాళ్ళు అలా చదవకుండా ఎలా ఉంటారు? ప్రభుత్వం కూడా అలాగే చదివిందో, లేక పిన్నీ కొడుకుల శృంగారం నచ్చలేదో, దేశంలో ప్రదర్శన ఆపేసింది. డబ్బు పెట్టింది జపాన్‌కు చెందిన తొకుమా సంస్థ కాబట్టి బయటి దేశాలకు వెళ్ళింది. కాన్ చిత్రోత్సవంలో లూయిస్ బున్యుయెల్ పేరిట ప్రత్యేక పురస్కారం వచ్చింది. తర్వాతి ఏడాది విదేశీ భాషా చిత్రాల విభాగంలో ఆస్కార్ నామినేషన్, చైనా సినిమాకు అదే మొదటిసారి. వెనక్కి తీసుకోవాలని చైనా అధికారులు ఒత్తిడి తెచ్చినా అకాడమీ వినలేదు. దర్శకుణ్ణి ఆ వేడుకకు వెళ్ళనివ్వలేదు. 1992లో గానీ స్వదేశంలో నిషేధం తొలగలేదు.

ఇదంతా నిజమే. అయినా “ప్రేమకథ ముసుగే” అంటే నేను ఒప్పుకోను. ముసలాయన అంటే ఫలానా నాయకుడు, కార్ఖానా అంటే దేశం అని తాళం వేసేస్తే జు దౌ ఒంటి మీది దెబ్బలు ఎవరివి? ఆమె ఎవరికీ ప్రతీక కాదు. డబ్బుకు అమ్ముడుపోయిన ఒక మనిషి, ఒకే ఒక్కసారి తనకిష్టమైనవాణ్ణి తానే ఎంచుకుంది. రాజకీయం చదవాలనుకున్నా అది ఆ గదిలోంచి, ఆ తొట్టి పక్కనుంచి మొదలవ్వాలి. 

ఇలాంటిదే ఇంకోటి చూడాలనుంటే ఫెయ్ మూ 1948లో తీసిన ‘స్ప్రింగ్ ఇన్ ఎ స్మాల్ టౌన్’ చూడండి. అదీ పాడుబడ్డ ఇల్లే, జబ్బు మొగుడే, ఇంట్లోకి వచ్చిన పాత ప్రేమికుడే. కానీ అక్కడ అరుపులుండవు, ఎవరూ ఎవర్నీ చంపరు. దాదాపు ఏమీ జరగదు, గంటన్నర పాటు టెన్షన్ మాత్రం తగ్గదు. చూశాక రాయండి, భర్త పాత్ర మీద నాకు మీతో వాదించే పని ఉంది.